సాయంత్రపు దోమ, పట్టపగటి దోమ

గోదావరి డెల్టా పట్టణాల్లో దోమల మీద గోల ఏటా రెండుసార్లు రేగుతుంది. మొదటిది మాఘ ఫాల్గుణాల్లో. పొద్దు వాలాక తలుపులు వేయడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇక ఆ గదిలో కూర్చోనివ్వవు. రెండోది వానలు పడ్డాక, శ్రావణం నుంచి కార్తీకం దాకా. అప్పుడు దోమలు అంతగా కనబడవు, జ్వరాలు కనబడతాయి. ఎవరికి ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయన్నది వీధిలో కబురవుతుంది. ఈ రెండు గోలలకూ మునిసిపాలిటీలు ఇచ్చే జవాబు మాత్రం ఒక్కటే, పొగ బండి. మొదటి కాలంలో గుంపులుగా వచ్చి కుట్టేది క్యూలెక్స్. రెండో కాలంలో డెంగీని మోసేది ఈడిస్. మొదటిది మురుగులో పుట్టి రాత్రి కుడుతుంది, రెండోది మంచినీళ్ళలో పుట్టి పగలు కుడుతుంది. జనం తిట్టే దోమ ఒకటైతే, జనాన్ని ఆసుపత్రికి పంపే దోమ మరొకటి. పట్టణాల్లో దోమలు ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్నకు చెత్త, జనసమ్మర్దం, వాతావరణం అని చాలా జవాబులు చెబుతారు. వాటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే వాటన్నిటి అడుగునా ఒకే కారణం ఉంది: ఊళ్ళోకి నీళ్ళు తేవడమూ సగంలోనే ఆగింది, వాడిన నీళ్ళను ఊరు దాటించడమూ సగంలోనే ఆగింది. మొదటి లోటు ఈడిస్‌ను పెంచితే రెండోది క్యూలెక్స్‌ను పెంచింది.

ఈ మాటను పరీక్షించడానికి మహానగరాల కంటే మండపేట లాంటి ఊరు నయం. 2022 జిల్లాల పునర్విభజనలో కోనసీమ జిల్లాలోకి వెళ్ళినా, భౌగోళికంగా ఇది గోదావరి గౌతమి పాయకు ఇవతల, తూర్పు డెల్టాలో ఉన్న పట్టణం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పంపే నీటితో బతికే ప్రాంతం. ఈ ఊరి పేరుతోనే ఒక పంట కాలువ ఉంది. చుట్టూ సార్వా, దాళ్వా రెండు పంటల వరి, ఊళ్ళో బియ్యం మిల్లులు, యాభై వేలు దాటిన జనాభా. వాడిన నీటిని పెరటి అరటిచెట్టుకో, ఇంటి వెనక కోడుకో వదిలేసి ఊరుకోవడానికి ఇది పల్లె కాదు. దోమల లెక్కకు సొంత కీటక శాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకునే కార్పొరేషనూ కాదు. మన రాష్ట్రంలో పట్టణవాసులు చాలామంది ఇలాంటి మధ్యతరహా ఊళ్ళలో ఉంటారు. దోమల మీద మాట్లాడేటప్పుడు మాత్రం ఉదాహరణలన్నీ హైదరాబాదు నుంచో సింగపూరు నుంచో వస్తాయి.

డెల్టా అన్నాక నీళ్ళుంటాయి, నీళ్ళున్నచోట దోమలుంటాయి, దీనికింత చర్చ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దోమజాతులన్నీ ఒకే నీటిలో పుట్టవు. వరిచేలలో పుట్టే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, అనాఫిలిస్ సబ్‌పిక్టస్ వంటివి ఎక్కువగా పశువుల మీద వాలే రకాలు. వాటివల్ల ప్రమాదం లేదనలేం. పందులు, కొంగల నుంచి మెదడువాపు వైరస్‌ను మనుషులకు చేరవేసేది చేల దోమే, 1999లో ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బుతో పిల్లల్ని పోగొట్టుకుంది. అయినా పట్టణంలో సాయంత్రం చెవి దగ్గర రొద పెట్టేది చేల దోమ కాదు. ఆ రొద పెట్టే దోమ పూర్తి పేరు క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్. అది పారే పంట కాలువలో బతకలేదు. చేపపిల్లలు, తూనీగ పిల్లలు, నీటి పురుగులు తిరిగే చెరువులో గుడ్లు పెట్టినా పిల్లల్లో బతికి బట్టకట్టేవి తక్కువ. ఊరు తన చేతులతో తయారుచేసిన నీళ్ళే దానికి కావాలి. కాబట్టి పంట కాలువల మీద నేరం మోపి చేతులు దులుపుకోవడం కుదరదు.

మురుగు దానికెందుకంత ఇష్టమో అర్థమైతే నివారణ సగం అర్థమైనట్టే. కుళ్ళే పదార్థం ఎక్కువైన నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేప బతకదు, తూనీగ పిల్ల బతకదు. దోమ లార్వాకు ఆ ఇబ్బంది లేదు. అది తోక చివరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తుంది. శత్రువులెవరూ రాలేని, తిండికి కొదవలేని చోటు దానికి దొరికిందన్నమాట. ఒక్క ఆడ క్యూలెక్స్ నూటికి పైగా గుడ్లను చిన్న తెప్పలా అతికించి నీటి మీద వదులుతుంది, వారం పది రోజుల్లో అవి రెక్కలతో లేస్తాయి. ఇప్పుడు మన వీధుల వైపు చూడండి. స్నానాల గది నీరు, వంటింటి నీరు, సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగిన నీరు అన్నీ ఇంటి ముందు కాలువలోకి వస్తాయి. ధాన్యాన్ని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం తీసే మిల్లుల నుంచి గంజి కలిసిన నీరు శుద్ధి కాకుండా వస్తే ఆ మురుగు ఇంకా చిక్కబడుతుంది. డెల్టా నేల బల్లపరుపు, సహజమైన వాటం చాలా తక్కువ. కాలువ అడుగున జానెడు ఎత్తు తేడా వచ్చినా నీరు నిలిచిపోతుంది. సిమెంటు కాలువ కట్టించామని చెప్పుకోవడం తేలికే. ఆ సిమెంటు ఏ మట్టానికి పోశారు, రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తారు వేశాక కాలువ మట్టం ఎక్కడుంది, చివర కలిసే పెద్ద మురుగు కోడు ఇంతకంటే పల్లంలో ఉందా అన్నవి ఎవరూ అడగరు. మట్టి కాలువలో నీరు కొంతైనా ఇంకేది. వాటం తప్పిన సిమెంటు కాలువ ఇంకనివ్వదు, పారనివ్వదు. పైన బండలు కప్పితే పూడిక తీసే మనిషికి దారి మూసుకుపోతుంది. బండల సందు దోమకు చాలు. ఊరి బయట పెద్ద డ్రెయిన్లను గుర్రపు డెక్క మూసేస్తే నీరు వెనక్కి తంతుంది. ఆ డెక్క వేళ్ళకు అతుక్కుని వాటి నుంచే గాలి పీల్చుకునే మాన్సోనియా అనే మరో దోమ కూడా ఉంది, పైన చమురు చల్లినా దానికేమీ కాదు.

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వీధిలో ఎవరికీ కనబడని ఉత్పత్తి కేంద్రం అదే. ట్యాంకు పైన గాలి గొట్టం ఉంటుంది, దాని మూతి సాధారణంగా తెరిచే ఉంటుంది. ఆ గొట్టంలోంచి లోపలికి వెళ్ళి గుడ్లు పెట్టిన దోమల సంతానం అదే గొట్టంలోంచి రోజూ వందలు, వేలల్లో బయటికొస్తుంది. మూతికి సన్నని వల కడితే ఆ దారి మూతపడుతుంది. పదిహేను ఇరవై రూపాయల గుడ్డకు ఇంత విలువ ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, పట్టణ క్యూలెక్స్ విషయంలో దీనంత చౌకైన పని మరొకటి కనబడదు. వల కట్టాక మూత చుట్టూ ఉన్న బీటలు కూడా పూడ్చాలి, లేకపోతే దోమ ఆ సందు వెతుక్కుంటుంది.

ఇది కేవలం నిద్ర చెడే విషయమే అయితే ఇంత రాయనక్కర్లేదు. గోదావరి జిల్లాలకు బోదకాలు పాత చుట్టం. రాజమహేంద్రవరంలో కేంద్ర ప్రభుత్వం ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాన్ని ఊరికే పెట్టలేదు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, 2004 నుంచి ఊరూరా డీఈసీ మాత్రలు పంచారు. ఈ జబ్బు పురుగుల పిల్లలు మనిషి రక్తంలోకి రాత్రిపూట వస్తాయి, అందుకే రక్తం తీసేవాళ్ళు రాత్రి తలుపు తట్టేవారు. క్యూలెక్స్ కూడా ఆ వేళకే కుడుతుంది. మలేరియాకు ఒక్క కాటు చాలు. బోదకాలు అంటాలంటే ఏళ్ళ తరబడి వందలు వేల కాట్లు పడాలి. దీన్నిబట్టి తేలేదేమిటంటే, క్యూలెక్స్‌ను పూర్తిగా తుడిచిపెట్టకపోయినా, సంఖ్యను బాగా తగ్గించగలిగితే జబ్బు దానంతటదే వెనకబడుతుంది. మాత్రలతో కేసులు తగ్గాయి కదా అని మురుగును అలాగే ఉంచితే, బయటి నుంచి ఒక రోగి వచ్చినా గొలుసు మళ్ళీ మొదలవడానికి వీలుంటుంది.

ఇక పగటి దోమ. ఈడిస్ ఈజిప్టై ఆఫ్రికా నుంచి ఓడల్లో, తాగునీటి పీపాల్లో ప్రపంచమంతా తిరిగి వచ్చిందని చెబుతారు. దానికి ఇప్పటికీ పీపాలే కావాలి. మన పీపాలు పేరు మార్చుకున్నాయి: సిమెంటు గాబు, నీలం డ్రమ్ము, మూత విరిగిన ఓవర్‌హెడ్ ట్యాంకు, కూలరు, ఫ్రిజ్ వెనక తట్ట, పంక్చరు షాపు ముందు టైర్లు, పెరట్లో రోలు, దింపిన కాయలు ఒలిచాక పారేసిన కొబ్బరి చిప్పలు, కట్టుబడిలో ఉన్న భవనం మీద క్యూరింగ్‌కు నిలబెట్టిన నీళ్ళు. ఈ దోమ గుడ్లను నీటిలో వదలదు, నీటి మట్టానికి కాస్త పైన తడి గోడకు అతికిస్తుంది. ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి బతికుంటాయి, నీరు మళ్ళీ పైకి రాగానే పొదుగుతాయి. గాబును వంచి నీళ్ళు పారబోస్తే సరిపోదన్నది ఇందుకే. కొబ్బరి పీచుతో గోడలు గీకి తోమాలి. పుట్టినచోటి నుంచి ఈ దోమ సాధారణంగా నాలుగైదు వందల అడుగులు దాటి పోదు. ఒకే కడుపు నిండడానికి నలుగురిని కుట్టే అలవాటు ఉంది కాబట్టి ఇంట్లో ఒకరికి డెంగీ వస్తే మిగతావాళ్ళకూ రావచ్చు. 2005 చివర్లో మొదలై 2006లో రాష్ట్రాన్ని కీళ్ళ నొప్పులతో మంచాన పడేసిన చికున్‌గున్యా కూడా దీని పుణ్యమే.

ఇక్కడ అధికారులు, కొందరు వైద్యులు కూడా ఒక మాట అంటారు: ఈడిస్ ఇంట్లో పుడుతుంది, కాబట్టి ఇది జనం నిర్లక్ష్యం, ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి గాబులు తోమలేదు. ఇందులో నిజం లేకపోలేదు. మనీప్లాంటు సీసా, రోలు, టైరు విషయంలో తప్పు ఇంటివాళ్ళదే. కానీ గాబు, డ్రమ్ము సంగతి వేరు. కుళాయిలో నీళ్ళు రోజుకు ఒక గంటో రెండు గంటలో వస్తూ, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అదీ నమ్మకం లేకుండా ఉంటే నీళ్ళు పట్టి ఉంచుకోని ఇల్లాలు ఉంటుందా? నిల్వ చేసుకోవడం ఆమెకు తెలివైన పని. ఇరవై నాలుగు గంటలు నీళ్ళు వచ్చే వీధిలో గాబు తనంతట తానే మాయమవుతుంది. రాష్ట్రంలో శుక్రవారాన్ని డ్రైడేగా పాటించమని ఏళ్ళుగా చెబుతున్నారు. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చే వారం పది రోజుల గడువుకు సరిపోయే మంచి ఆలోచన అది. మళ్ళీ నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో శుక్రవారం గాబు ఖాళీ చేయమంటే ఎవరు చేస్తారు? బిగుతైన మూత, మూతకు వల, వారానికో తోముడు అనేవి ఆ ఇంటికి చెప్పదగ్గ మాటలు. సరఫరా వేళలు ముందుగా తెలిపి నిలబెట్టుకోవడం మునిసిపాలిటీ చేయదగ్గ పని.

ఈ రెండు దోమల గుణాలు పక్కపక్కన పెట్టి చూస్తే పొగ బండి ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. డీజిల్‌లో మందు కలిపి వీధిలో వదిలే పొగ, గాలిలో ఎగురుతూ దానికి తగిలిన దోమను మాత్రమే చంపుతుంది. మురుగులో ఉన్న లార్వాకూ, ట్యాంకులో ఉన్న ప్యూపాకూ అంటదు. ఇవాళ చచ్చిన క్యూలెక్స్ స్థానంలో రేపు సాయంత్రానికి కొత్తవి లేస్తాయి. ఈడిస్ అయితే ఆ సమయానికి మంచం కింద, బీరువా వెనక, వేలాడే బట్టల నీడలో కూర్చుని ఉంటుంది. పొగ వస్తోందని ఇంటివాళ్ళు కిటికీలు మూసి దాన్ని ఇంకా కాపాడతారు. డెంగీ తేలిన ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్ళలోనూ, లోపల పైరెత్రం చల్లడానికి అర్థముంది. వైరస్ ఎక్కిన దోమను ఆ నాలుగు గోడల మధ్య పట్టుకోవడం దాని ఉద్దేశం. వీధి పొగకు అలాంటి ఉద్దేశం లేదు. అయినా అది ఆగదు, ఎందుకంటే కనబడుతుంది, వినబడుతుంది, వార్డు సభ్యుడు పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. పూడిక తీసిన కాలువ ముందు ఎవరూ ఫొటో దిగరు. జనం కూడా పొగే అడుగుతారన్న వాదన నిజమే, అడుగుతారు. నలభై ఏళ్ళుగా వాళ్ళకు చూపించింది అదొక్కటే.

మందును నమ్ముకుంటే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల మరణాలని అంచనా. 1953లో డీడీటీతో నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలై, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఆ విజయాన్ని చిన్నచూపు చూడకూడదు, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ దోమలు మందుకు అలవాటుపడ్డాయి, పర్యవేక్షణ సడలింది, పట్టణాలను ముందునుంచీ వదిలేశారు. 1976లో లెక్క మళ్ళీ 64 లక్షలు దాటింది. పట్టణ మలేరియా పథకం 1971లో పెట్టడానికి ఒక కారణం ఇదే: పల్లెలో గోడకు మందు కొడితే సరిపోయినా, పట్టణంలో బావుల్లో, డాబా ట్యాంకుల్లో పుట్టే అనాఫిలిస్ స్టీఫెన్సైకి అది సరిపోలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్ రాస్ కూడా, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెప్పింది గుంటలు పూడ్చడం, నీటిని పారించడం గురించే. ఇప్పుడు పైరెత్రాయిడ్ మందుల విషయంలో అదే కథ నడుస్తోంది. ఆ కుటుంబం మందే పొలంలో, పొగలో, గదిలో వెలిగించే కాయిల్‌లో, గోడకు గుచ్చే లిక్విడ్‌లో ఉంటే, దానికి తట్టుకునే దోమలే మిగిలి పిల్లల్ని కంటాయి.

మరి పని చేసినవి ఏవి? పుదుచ్చేరిలో 1975లో ఏర్పడిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ 1981 నుంచి అయిదేళ్ళు ఆ పట్టణంలోనే ఫైలేరియా దోమ మీద సమగ్ర పద్ధతిని ప్రయోగించింది. మురుగు కాలువల వాటం సరిచేయడం, పనికిరాని బావులు, గుంటలు పూడ్చడం, ఎక్కడ ఏ నీటికి ఏ పద్ధతో దాన్నే వాడడం దాని సారం. సముద్రతీరంలో, బల్లపరుపు నేలలో ఉన్న ఊరు కాబట్టి మనకు సింగపూరు కంటే అదే దగ్గరి పాఠం. జాంజిబార్ దీవిలోని మకుందుచి అనే ఊళ్ళో మరుగుదొడ్డి గుంతల్లో తెల్లని పాలీస్టైరీన్ గుళికలు పొరగా పరిచారు, దాంతోపాటు మాత్రలు పంచారు. నీటి పైకి తోక గొట్టం పెట్టుకోవడానికి చోటు లేక లార్వా చచ్చింది, ఆ గుళికలు ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. ఇక గంబూసియా చేపలు. 1928లో భారతదేశానికి తెచ్చిన ఈ చేపను మన చెరువుల్లో వదలడం అలవాటుగా మారింది. వాడని బావిలో, ఫౌంటెన్ తొట్టిలో దానికి చోటుంది. చెరువుల్లో, కోడుల్లో వదిలితే అది స్థానిక చేపల గుడ్లను, పిల్లల్ని తింటుంది. ఆ స్థానిక చేపలు కూడా లార్వాను తినేవే. చిక్కని మురుగులోనేమో ఈ చేప నిలవదు. అంటే క్యూలెక్స్ నిజంగా పుట్టేచోట గంబూసియా పనిచేయదు, పనిచేసేచోట చాలావరకు దాని అవసరం లేదు. బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేరు రకం. 1976లో ఇజ్రాయెల్ ఎడారిలో దొరికిన ఈ జీవి దోమ లార్వా పొట్టనే చీలుస్తుంది, చేపకూ మనిషికీ హాని లేదు. అయితే మురుగులో దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, వారం వారం చల్లాలి. చల్లేవాడు ప్రతివారం వస్తాడా అన్నదే అసలు ప్రశ్న.

కొత్త విద్యల మీద ఆశ పెట్టుకున్నవాళ్ళకు కూడా జవాబు చెప్పాలి. యోగ్యకర్తలో వోల్బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన ఈడిస్‌ను వదిలితే డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో తేలింది; పుదుచ్చేరి కేంద్రం కూడా అలాంటి దోమలను తయారుచేసింది. ఇది నిజమైన ముందడుగు. కానీ అది డెంగీని తగ్గిస్తుంది తప్ప దోమను కాదు, క్యూలెక్స్ జోలికే పోదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం విశాఖపట్నం, విజయవాడ, కాకినాడ, రాజమహేంద్రవరం సహా ఆరు కార్పొరేషన్లలో 66 చోట్ల కృత్రిమ మేధ సెన్సార్లతో దోమల జాతి, సాంద్రత కనిపెట్టే పద్ధతిని ప్రకటించింది. జాతిని బట్టి చర్య తీసుకోవాలన్న ఆలోచన సరైనదే. అయితే మండపేట లాంటి ఊళ్ళు ఆ జాబితాలో లేవు. అవి రావాలని ఎదురుచూడనక్కర్లేదు కూడా. గరిటెడు మురుగు తీసి అందులో లార్వా ఎన్నో లెక్కపెట్టడం, నూరిళ్ళు తిరిగి ఎన్నింటి గాబుల్లో లార్వా ఉందో రాసుకోవడం వందేళ్ళ నాటి పద్ధతులు, ఖర్చు లేనివి. 2016లో దోమలపై దండయాత్ర అని పెద్ద ఊపుతో ర్యాలీలు జరిగాయి, ప్రతిజ్ఞలు చేయించారు. దండయాత్రకు ముగింపు ఉంటుంది, దోమకు ఉండదు.

డబ్బు లేదన్నది చివరి అభ్యంతరం. భూగర్భ డ్రైనేజీకి కోట్లు కావాలి, చిన్న మునిసిపాలిటీ తేలేదు, నిజమే. కానీ ముందు చేయవలసినవి కోట్ల పనులు కావు. వార్డు సచివాలయాల్లో పారిశుధ్యానికి ఒక కార్యదర్శి ఉన్నారు, ఇళ్ళు తిరిగే ఆశా కార్యకర్తలు ఉన్నారు, కాలువలు తీసే కార్మికులు ఉన్నారు. లేనిది పంచాంగం. క్యూలెక్స్ ఉధృతి ఫిబ్రవరిలో వస్తుందని తెలిసినప్పుడు పూడిక తీయవలసింది వానలు ఆగాక, డిసెంబరు జనవరుల్లో. తీసిన పూడికను గట్టు మీదే వదిలితే మళ్ళీ లోపలికే జారుతుంది కాబట్టి అదేరోజు ఎత్తేయాలి. సెప్టిక్ గొట్టాలకు వలలు సంక్రాంతి లోపు కట్టాలి. ఈడిస్ పని జూన్‌లో తొలి వానకు ముందే మొదలవాలి: టైర్ల దుకాణాలు, కట్టుబడి భవనాలు, కొబ్బరి ఒలిచే చోట్లు, మూతలు లేని ట్యాంకులు. పొగకు పోసే డీజిల్ ఖర్చు ఈ పనులకు మళ్ళిస్తే ఎంత మిగులుతుందో ప్రతి మునిసిపాలిటీ తన పద్దులోనే చూసుకోవచ్చు. వార్డువారీగా గరిటెకు ఎన్ని లార్వా, నూటికి ఎన్ని ఇళ్ళు అన్న రెండు అంకెలు నెలనెలా సచివాలయం గోడ మీద రాయాలి. పూడిక తీశాక కూడా ఏదైనా వీధిలో గరిటెకు లార్వా తగ్గకపోతే అక్కడికి పంపవలసింది లెవెల్ పరికరంతో ఇంజనీరును. ఆ కాలువ అడుగు ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎన్ని అడుగులు తవ్వి మళ్ళీ పోయాలో అతను కొలిచి చెబుతాడు.